జింకు తొట్టిలో సింగారం తోలు

"అయ్యో అయ్యో! కొంప ముంచినావు గదే మంగా!"

అలివేలమ్మ పెట్టిన ఆ కేకకు పెరియమేడు తోళ్ల మండీల మీద కాకులన్నీ ఒక్కసారిగా లేచాయి. లేచి, ఆకాశంలో ఒక చుట్టు తిరిగి, సెంట్రల్ స్టేషను గడియారం మీద వాలి, ఇంత పొద్దున్నే ఈ గోలేమిటా అని టైము చూసుకున్నాయి. వాటిలో ఒక ముసలి కాకి మకాం మైలాపూరుకు మార్చేసిందని కూడా అంటారు.

మంగ మాత్రం ఎటూ ఎగిరిపోలేక తొట్టి పక్కనే నిలబడింది. మోచేతుల నుంచి నీళ్లు కారుతున్నాయి.

ఎదురుగా నులకమంచం మీద తోలు. రాత్రి నానబెట్టేటప్పుడు మంచి తేనె రంగులో, పసిపిల్ల బుగ్గలా ఉంది. ఇప్పుడు దాని నిండా నల్ల మచ్చలు. సిరాబుడ్డి ఒలికితే పడే మచ్చలు కావవి. సిరాబుడ్లు మోసుకెళ్లే లారీ బోల్తా పడితే పడే మచ్చలు.

"సాయంత్రం కనకవల్లమ్మ వస్తాది. ఆయమ్మకి ఏం చూపిస్తావు? ఈ మసిగుడ్డనా?"

"మట్టి తొట్టి పగిలిపోయింది గదత్తా. అందుకే జింకు తొట్లో వేసినా. ఇనప దాన్లో వెయ్యలేదే! జింకుకి ఏం కాదని మా నాయనే చెప్పినాడు."

"మీ నాయన నాకు అన్నే గదా! వాడు చెప్పేదంతా నిజమైతే మేము ఈపాటికి మేడ కట్టుండాల."

తడి తోలుకు ఇనుము చూపించకూడదు. ఆ సందులో పిల్లలకు అమ్మా అబ్బా తర్వాత నేర్పే మాట అదే. తంగేడు చెక్క రసంలో నెలల తరబడి ఊరిన తోలు అది. ఇనుము తగిలితే నల్లగా అలుగుతుంది. మంగ తోలు ఊరబెట్టే కాటయ్య కూతురు, చెప్పులు కుట్టే మునిస్వామి కోడలు. అటూ ఇటూ తోలే. ఈ సంగతి ఆమెకు తెలియదంటే చేపకు నీళ్లు తెలియవన్నట్టే.

మంగ మొగుడు ధర్మలింగం వేపపుల్ల నములుతూ వచ్చి తోలును చూశాడు. పెళ్లాం ముఖం చూశాడు. పుల్ల తీసి పక్కకు ఉమ్మాడు.

"పోతే పోయిందిలే అమ్మా. దానికెందుకు ఇంత కూత? పాండీ బజారుకి పోయి రెక్సిన్ చెప్పులు తెచ్చిస్తా. మెత్తగా, తళతళా ఉంటాయి. కోడంబాక్కంలో హీరోయిన్లే అవి వేస్తా ఉండారు."

"హీరోయిన్లకి షుగరు లేదురా!" అలివేలమ్మ గిర్రున తిరిగింది. "ఆయమ్మ బొటనవేలు ఎట్లా పొయ్యిందో మర్చిపోయినావా? ఎండాకాలం ఆ రెక్సిన్ పట్టీ చెమటకి అంటుకోని, బొబ్బ లేచి, బొబ్బ పుండైతే ఆయమ్మకి తెలిసిందా? కాలికి స్పర్శ లేదు. ఇంట్లో గచ్చు మీద రక్తం చూసి ఎవురిదబ్బా అని ఎదురింటామెను అడిగిందంట. ఇంకో పుండు పడితే పాదం తియ్యాల్సిందేనని పెద్దాసుపత్రిలో చెప్పేసినారు."

"నాకు తెలీదా అమ్మా?"

"తెలిస్తే ఆ మాట నోట్లోంచి ఎట్లా వచ్చిందిరా? నువ్వు పుట్టిన రోజు ఈ సందులో నడుముల్లోతు వాన నీళ్లు. మాలాంటోళ్ల గడప తొక్కేదానికి ఒక్క మంత్రసాని రాలేదు. నాయుళ్ల ఇంటి ఆడబిడ్డ, ఆ కనకవల్లమ్మ, చీర ఎగ్గట్టుకోని పెరంబూరు నించి వచ్చింది. అడ్డం తిరిగిన నిన్ను తిప్పి, బయటికి లాగి, కాళ్లు పట్టి తలకిందులు చేసి కొడితే గానీ నువ్వు ఏడవలేదు. అంతా అయినాక మా కుండలో చల్లన్నం అడిగి తినిందిరా, మా ఇంట్లో కూచోని! ఆయమ్మ కాలికి చెప్పు కుట్టేదానికి మనకి చేతగాకపోతే ఇంకెందుకీ చేతులు?"

ధర్మలింగం పుల్లను చేతిలో అటూ ఇటూ తిప్పాడు.

"నేను ఆయమ్మకి వద్దన్నానా? నాయన సంగతి చూడు. ఎన్నాళ్లని ఆ తోలు కోసే రాయి ముందర కూచుంటాడు? కాటయ్య మామ తోలు ఊరేసే గుంటలు మూసేస్తా ఉండాడు. తంగేడు చెక్క వచ్చేది నిలిచిపోయింది. ఇదే ఆఖరి తోలు. దీని తరవాత ఏందో ఎవురైనా చెప్పండి."

మూర్ మార్కెట్టు వైపు నుంచి ఒక రిక్షావాడి గంట మాత్రం బదులిచ్చి పోయింది.

మంగకు అత్త తిట్లు బాధ కలిగించలేదు. అలివేలమ్మ తిట్లు వడగళ్లవాన వంటివి. పడ్డప్పుడు చుర్రుమంటాయి, నిమిషంలో కరిగి నీళ్లవుతాయి. ఆమెను కాల్చేస్తున్నది మామ మౌనం.

మునిస్వామి మాట్లాడకపోవడమంటే కూవం నది వెనక్కి పారడమే. నోరు తెరిస్తే చాలు, కథ. కోవెల ఏనుగుకు చెప్పులు కుట్టిన కథ అందులో పెద్దది. ఎండకు కాళ్లు కాలుతున్నాయని మావటివాడు ఏడిస్తే నాలుగు చెప్పులు కుట్టిచ్చాడట. మూడో రోజు ఏనుగే స్వయంగా నడిచి వచ్చి, వెనక ఎడమ చెప్పు కిర్రుమంటోందని తొండంతో చూపించిందట. దానికి కాస్త కానుగనూనె రాసి పంపితే, వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర తలవంచి దణ్ణం పెట్టిందట. గుమ్మం పై కమ్మి వంగి ఉండడమే దానికి సాక్ష్యం.

అలాంటి మనిషి ఇప్పుడు తన రాయి ముందు కూర్చుని, మంచం మీద తోలును అరచేత్తో నిమురుతూ, ఏమీ అనకుండా ఉన్నాడు.

మంగ ఆయన పక్కన గొంతుక్కూర్చుంది.

"మామా, తిట్టు. రెండు దెబ్బలన్నా వెయ్యి. ఇట్లా ఉండబాక."

మునిస్వామి చెయ్యి తోలు మీద ఆగింది.

"ఎంత నలుపుంది మంగా?"

"ఎంతంటే... ఎదురుగా కనపడతానే ఉంది గదా మామా."

"ఊ," అన్నాడు. మళ్లీ నిమరడం మొదలుపెట్టాడు.

ఇంత జరుగుతున్నా అరుగు మీద గురక ఆగలేదు. ఆ గురక కాటయ్యది. ఈ తోలు ఇవ్వడానికి మాధవరం నుంచి వచ్చి రాత్రి ఉండిపోయాడు. కాటయ్య నిద్రకు పేరుంది. ఒకసారి గూడ్సు పెట్టెలో పడుకుని బెజవాడ దాకా పోయి, అదే పెట్టెలో వెనక్కి వచ్చి, మాధవరంలోనే నిద్ర లేచి, అసలు ఊరే దాటలేదని చాలా రోజులు నమ్మాడట.

"నాయనా! లెయ్ నాయనా!" మంగ భుజం పట్టి కుదిపింది. "నీ తోలు పాడైపోయింది."

ఆ మాటకు మాత్రం లేచాడు. అలివేలమ్మ ఒకవైపు, కూతురు ఒకవైపు చెప్పుకుపోతుంటే తలగుడ్డ చుట్టుకుంటూ లోపలికి వచ్చాడు. అందరూ తోలు చూపించారు. ఆయన తోలు చూడలేదు. నేరుగా తొట్టి దగ్గరికి పోయి, నీళ్లు వంపి, దాన్ని వెలుతురుకు ఎత్తి, లోపల గోటితో గీకాడు.

"దీని పూత ఏమైపొయ్యింది?"

"ఏం పూత నాయనా?"

"జింకు పూత. నీ పెండ్లికి నేను కొనిచ్చిన తొట్టే గదా ఇది? అప్పుడు బూడిద రంగుగా ఉండె. ఇప్పుడు అద్దం మాదిరి మెరస్తా ఉంది, నా మొహం నాకే కనపడతా ఉంది. పూత పొయ్యి లోపలి ఇనుము బయటికొచ్చేసింది. ఎవురు తోమినారు దీన్ని?"

అందరి కళ్లూ అలివేలమ్మ వైపు తిరిగాయి.

అలివేలమ్మ తోముడు సంగతి ఆ వీధికంతా తెలుసు. ఆమె తోమిన చెంబులో ముఖం చూసుకుని పక్కింటి పెళ్లికూతురు బొట్టు పెట్టుకుంది. అరగదీసి అరగదీసి ఒక కంచు గిన్నెను తమలపాకంత పలచగా చేసిందని, గాలికి అది ఎగిరిపోతే పిల్లలు పతంగి అనుకుని వెంటపడ్డారని చెప్పుకుంటారు.

"దేంతో తోమినావు చెల్లే?" కాటయ్య మెల్లిగా అడిగాడు.

"ఇటుకపొడి," అంది అలివేలమ్మ గోడవైపు చూస్తూ.

"ఇంకా?"

"చింతపండు."

మంగ తల దించుకుంది. నవ్వు వస్తోంది, ఏడుపూ వస్తోంది. రెండూ ఒకే ద్వారం దగ్గర తోసుకుంటున్నాయి. ధర్మలింగానికి ఆ ఇబ్బంది లేదు. పగలబడి నవ్వాడు.

"ఇప్పుడు చెప్పమ్మా, ఎవురు ముంచినారు కొంప?"

"నోరు మూసుకోరా! సామాను శుబ్రంగా పెట్టుకుంటే అదీ తప్పేనా?" అని అరిచి, అలివేలమ్మ గబగబా మంగ దగ్గరికి వచ్చి, తన కొంగుతో కోడలి చేతుల తడి తుడిచింది. క్షమించమని అడగడం ఆమెకు తెలియదు. తుడవడం తెలుసు.

"సరే సరే," అన్నాడు కాటయ్య. "తంగేడుకీ ఇనుముకీ పడదు, అత్తాకోడళ్ల మాదిరి. ఈ ఇంట్లో అత్తాకోడళ్లు కాదులే, ఊర్లో వేరేవాళ్ల మాదిరి. మధ్యలో పెద్దమనిషి పోతే గానీ రాజీ పడరు. ఆ పెద్దమనిషి నిమ్మకాయ. మచ్చ ఇంకా పచ్చిగానే ఉంది. పోయి నిమ్మకాయలు తెండి."

పోతే పోయిందిలే అన్నవాడే ముందు చొక్కా తగిలించుకున్నాడు. ధర్మలింగం మూర్ మార్కెట్టు వైపు పరుగెత్తి సంచి నిండా నిమ్మకాయలు తెచ్చాడు. అంత సంచి ఎందుకురా అంటే, "చాలకపోతే మళ్లీ ఎవురు పోతారు?" అని గొణిగాడు.

ఇంక అందరికీ అదే పని. అలివేలమ్మ కోస్తోంది, మంగ రుద్దుతోంది, కాటయ్య పక్కన కూర్చుని చెప్తున్నాడు. సందంతా నిమ్మవాసన నిండింది. అటుగా పోయేవాళ్లు ఇక్కడేమైనా సోడా కంపెనీ పెట్టారా అని తొంగిచూశారు.

"గట్టిగా రుద్దబాక తల్లీ. బిడ్డకి స్నానం చేయించినట్టు చెయ్యాల. ఇది కోసి చంపి తీసిన తోలు కాదు. మన రంగసామి పాలబండి ఎద్దుది. పేరు సింగారం. ముసలిదై, కొట్టంలోనే, రంగసామి ఒళ్లో తలపెట్టి పోయింది. రంగసామి ఏడస్తానే నా దగ్గరికి తెచ్చినాడు. దీన్ని మట్టిపాలు చేసేదానికి మనసు రాలేదు కాటయ్యా, ఇంకెవురి కాళ్లకన్నా తోడుండనీ అన్నాడు."

మంగ చేతులు నెమ్మదించాయి.

"సున్నం, కరక్కాయ, తంగేడు చెక్క. అంతే. వాడిన చెక్క పిప్పిని ఇటుక బట్టీవాడు మోసుకోని పోతాడు. దేన్నీ పారేసేది లేదు. పక్కన మందు నీళ్లలో తోలు ఊరబెట్టే కొత్త పీపాలు పెట్టినారు చూడు, వారంలో తోలు బయటికొస్తాది, నేనేం కాదనను. కానీ ఆ నీళ్లు నీలంగా పోతాయి. మా మేక ఆ కాలవ దాటమంటే నన్ను పొడవను వస్తాది. ఏడాది నిండేదాకా నేను సింగారాన్ని గుంటలోంచి తియ్యలేదు. తొందరపెట్టేదానికి మనమెవురు? అది మనకి బాకీ లేదు, మనమే దానికి."

మంగ ఆలోచించింది. ఒక జత చెప్పుల వెనక ఎద్దు ఉంది, చెట్టు ఉంది, ఏడ్చిన రంగసామి ఉన్నాడు, ఏడాదిపాటు గుంటలో దిగి తోలును తిరగేసిన తన తండ్రి చేతులున్నాయి. ఆ చేతుల వేళ్లు ఎప్పటికీ చెక్క రంగులోనే ఉంటాయి. చిన్నప్పుడు బడిలో పిల్లలు ఆ రంగును చూసి ముక్కు మూసుకుంటే తను సిగ్గుపడింది. ఇప్పుడు ఆ వేళ్లకు దణ్ణం పెట్టాలనిపించింది. పెడితే ఆయన బెదిరిపోతాడని ఊరుకుంది.

మచ్చలు ఒక్కొక్కటే కరిగాయి. మధ్యాహ్నానికి తోలు మళ్లీ తేనె రంగుకు వచ్చింది. ఒక్కటి మాత్రం పోలేదు. ఎడమ మూలన, అరచేతి వెడల్పున, కాటుకలా దిగిపోయింది.

మునిస్వామి పెరట్లో స్నానం చేస్తున్నాడు. కాటయ్య కూతురికి చెప్పాడు. "అది అడుగుదాకా దిగింది, ఇంక రాదు. అడుగున కుళ్లు పట్టినా పట్టొచ్చు. దాన్ని వదిలేసి కోస్తే ఒక జతకి సరిగ్గా వస్తాది. మీ మామకి చెప్పనక్కర్లేదులే, చూస్తానే తెలస్తాది ఆయనకి."

తరవాత ధర్మలింగం కాటయ్యను మాధవరం బస్సెక్కించడానికి వెంట వెళ్లాడు. అలివేలమ్మ కనకవల్లమ్మకు మజ్జిగ తేవడానికి వీధి చివరికి పోయింది. ఇంట్లో మంగా, మామా మిగిలారు.

కనకవల్లమ్మ అనుకున్నదానికంటే ముందే దిగింది.

కాళ్లకు పాత తువ్వాళ్లు చుట్టుకుని, రిక్షావాడి భుజం పట్టుకుని, నవ్వుతూ లోపలికి వచ్చింది. "ఏమబ్బా మునిసామీ, సందు మొదట్నించీ నిమ్మకాయ వాసన. నాకోసం పులిహోర చేసినారా ఏంది?"

"పులిహోరేంటమ్మా! నిమ్మకాయల లారీ మా ఇంటి మీద బోల్తా పడింది, నిన్ను చూసి డ్రైవరు లేచి పరిగెత్తినాడు," అన్నాడు మునిస్వామి.

మంగ గుండె తేలికైంది. మామకు నోరు తిరిగి వచ్చింది!

కనకవల్లమ్మను ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి, తువ్వాళ్లు విప్పి, మంగ ఆమె పాదాలను గోరువెచ్చని నీళ్లతో కడిగి ఒత్తింది. బొటనవేలు లేని చోట చర్మం నున్నగా ఉంది.

"మీ చెప్పులు వేసుకోని చానా ఏండ్లయింది," అంది కనకవల్లమ్మ. "పాతవి నా బిడ్డ పెండ్లిదాకా వచ్చినాయి. కాలికి చెమట పడితే అదే తాగేస్తాది, కాలు ఎట్లుంటే అట్లా ఒదుగుతాది. ఇప్పుడు నా కాలికేం తెలీదులే. మనసుకి తెలస్తాది. మీరు చెప్పంపినారని తెలిసిన కాడ్నించి రోజూ నిద్రపోయేటప్పుడు మీ ఇంటికి ఒక దణ్ణం పెడతా ఉండా."

"మాకు నువ్వు దణ్ణం పెట్టేదేందమ్మా!" అన్నాడు మునిస్వామి. "కొత్త చెప్పు మొదటి వారం అత్త, తరవాత కూతురు. ఒక వారం ఓర్చుకో, చాలు."

తోలు తెచ్చి రాయి మీద పరిచాడు. అరచేత్తో ఆ చివర నుంచి ఈ చివర దాకా తడిమాడు.

"కాటయ్య కాటయ్యే. చూడు మంగా, ఒక్క మచ్చ లేదు."

ఆయన చెయ్యి సరిగ్గా నల్లమచ్చ మీద ఉంది.

మామ వేళాకోళం చేస్తున్నాడనుకుంది మంగ. నవ్వబోయింది. ఆయన నవ్వడం లేదు. కనకవల్లమ్మ కుడి పాదాన్ని రెండు చేతులతో, దీపాన్ని పట్టుకున్నట్టు పట్టుకుని, తోలు మీద పెట్టాడు. ఆ మచ్చ మీదే.

బొగ్గుతో గీసేవాళ్లు వేరే. మునిస్వామి కత్తిమొనతోనే పాదం చుట్టూ గీస్తాడు. ఆయన తండ్రీ అంతే. కోసే ముందు ఎవరి తోలో పేరు తెలిస్తే ఆ పేరు చెప్పుకోవడం ఆ ఇంటి ఆచారం.

"సింగారం సామీ, బతికినన్నాళ్లు పాలబండి లాగినావు. ఇప్పుడు ఈ తల్లిని నడిపించు," అన్నాడు. కత్తి తీసుకుని వంగాడు.

కనకవల్లమ్మ గుమ్మం పై కమ్మి చూస్తూ, "ఏనుగు వంచింది ఇదేనా?" అని అడుగుతోంది. కత్తిమొన మడమ దగ్గర మొదలై, పక్కగా వచ్చి, చిటికెన వేలి వైపు తిరగాల్సిన చోట తిరగలేదు. నేరుగా వేలి మీదికే వస్తోంది. తెగినా ఆమెకు తెలియదు.

మంగ మామ మణికట్టు పట్టేసింది.

ఆయన నరం ఆమె వేళ్ల కింద టకటకా కొట్టుకుంటోంది.

"తగిలిందా?" ఊపిరిలో ఊపిరిగా అడిగాడు.

"లేదు మామా."

"దేవుడా!" ఆయన కళ్లు మూసుకున్నాడు. తెరిచాడు. దగ్గర నుంచి చూస్తే ఆ రెండు కళ్లలోనూ పలచటి పాలపొర. రోజూ అన్నం వడ్డించే మంగ, ఒక్కసారీ ఆ కళ్లలోకి చూడలేదు. ఎవరు చూస్తారు మామ కళ్లలోకి?

"దీపావళి నించీ ఇంతే," అన్నాడు. "పొద్దున అందరూ నలుపు నలుపు అంటా ఉంటే నాకు ఏ నలుపూ కనపళ్లేదు మంగా. ధర్మలింగానికి చెప్పబాక. రాయి తీసి బయటేస్తాడు."

"ఏందబ్బా గుసగుసలు?" అంది కనకవల్లమ్మ.

"పాదం అందంగా ఉంది గదమ్మా, దిష్టి తగలకుండా మంత్రం చెప్పుకుంటా ఉండాం," అన్నాడు మునిస్వామి. అని, చీకట్లో వస్తువు అందించినట్టు, కత్తి పిడిని కోడలి అరచేతిలో పెట్టి వేళ్లు మూశాడు. "నువ్వు గియ్యి."

"నేనా? ఆడోళ్లు రాయి ముందర కూచోకూడదని అత్త..."

"అత్త వీధి చివర ఉంది. పాదం ఈడుంది."

మంగ కూర్చుంది. పాదాన్ని మెల్లగా ఎత్తి మచ్చలేని వైపుకు జరిపింది. కత్తి అనుకున్నంత బరువు లేదు. పిడి మీద మామ బొటనవేలు, మామ తండ్రి బొటనవేలు అరగదీసిన గుంట ఉంది. అందులో తన వేలు సరిగ్గా ఒదిగింది. మడమ దగ్గర మొన పెట్టింది. సింగారం సామీ అనుకుంది. తోలు మీద సన్నటి గీత ఆమె చేతి వెంట పాములా కదిలింది. చిటికెన వేలి దగ్గర చక్కగా తిరిగింది. లేని బొటనవేలి చోట ఒక గడియ ఆగి, ఆ ఖాళీకి కూడా చోటు వదిలింది.

"ఈ పిల్ల చెయ్యి నా చెయ్యి మాదిరే ఉందే," అంది కనకవల్లమ్మ. "బిడ్డల్ని పట్టే చెయ్యి."

అప్పుడే గుమ్మంలో చెంబు కిందపడింది. మజ్జిగ గడప దాటి లోపలికి పారింది.

అలివేలమ్మ. ఆమె వెనకే ధర్మలింగం.

"ఆ కత్తి నీ చేతికి ఎవురిచ్చినారే?"

మంగ మామవైపు చూసింది. మునిస్వామి తల ఎత్తి, భార్య గొంతు వినిపించిన వైపుకు తిరిగి, చిరునవ్వు నవ్వుతున్నాడు.

ఆ నవ్వు అలివేలమ్మకు ఒక మూరెడు పక్కన, ఖాళీ గోడ మీద పడుతోంది. ధర్మలింగం ఆ గోడను చూశాడు. తండ్రిని చూశాడు. మళ్లీ గోడను చూశాడు.